గంగాభవాని వరస

2018 ఆగస్టు 19, ఆదివారం

రాయపూర్ తెలుగు సంఘం నుంచి గిరిధర్ ఫోన్ చేశాడు. కొత్త సెక్రటరీ, ఉర్లాలో ఏదో ఫ్యాక్టరీకి మేనేజర్. సెప్టెంబర్ తొమ్మిదిన మార్నింగ్ షోకి హాలు మాట్లాడేశారట. ఈసారి సినిమాతో పాటు అందులో నటించిన గురునాథం గారు కూడా వస్తున్నారట.

గురునాథం గారు హీరో కాదు. ఎన్నో ఏళ్లుగా తండ్రి, గుమాస్తా, పక్కింటాయన వేషాలే. పేరు చెబితే ఎవరికీ తెలియదు. ముఖం చూస్తే మాత్రం మా బాబాయిలా ఉన్నాడే అంటారు. ఆయన గురించి నేను మూడు నిమిషాలు మాట్లాడాలట. రచయిత్రులు కదా మేడమ్, నటుల మంచితనం మీద ఏదైనా బాగా చెప్పండి అన్నాడు.

ఒప్పుకున్నాను. అమ్మకి చెప్పాను. నాను రాను, నువ్వెల్లు అంది. అంతే.

ఆగస్టు 21

రాయపూర్ మాల్స్‌లో ఇప్పుడు తెలుగు సినిమాలు పడుతున్నాయి. అయినా సంఘం షో సంగతి వేరు. తెర ముందు కొబ్బరికాయ కొడతారు. ఇంటర్వెల్‌లో పులిహోర పొట్లాలు. పైగా తెలుగు రాని ఇరుగుపొరుగును వెంటబెట్టుకెళ్లడం మా రైల్వే కాలనీ ఆడవాళ్ల ఆనవాయితీ. అది మొదలుపెట్టింది మా అమ్మే.

అమ్మ పేరు గంగాభవాని. బొబ్బిలి నుంచి పెళ్లయి వచ్చింది. హాల్లో ఛత్తీస్‌గఢీ, ఒరియా, బిహారీ ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని ప్రతి డైలాగూ హిందీలో చెప్పేది. ఆ హిందీలో హీరో వస్తుంది, హీరోయిన్ వస్తాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. విలన్ మాటలకి గొంతు మార్చేది, పాటలకి అర్థం చెప్పి ఆఖర్న తన అభిప్రాయం కూడా చేర్చేది. ఆమె కూర్చునే చోటుకి గంగాభవాని వరస అని పేరే పడిపోయింది. నేను కథ చెప్పడం ఎక్కడ నేర్చుకున్నానని ఎవరైనా అడిగితే ఆ వరసలోనే అని చెబుతాను. గొప్పగానే చెబుతాను.

పోయినేడు గ్లకోమాతో రెండు కళ్లూ పోయాయి. అప్పట్నుంచి హాలు గడప తొక్కలేదు. కళ్లు నేనిదాన్ని ఎల్లి కూకుంటే జనం సినిమా మానేసి నన్నే సూస్తారు అంటుంది.

ఆగస్టు 28

మూడు పేజీలు రాశాను, చించేశాను. మంచితనం, నిరాడంబరత, ఒదిగి ఉండటం. సన్మానపత్రంలా ఉంది.

సెప్టెంబర్ 2

నేను కళ్లారా చూసిన నటుల మంచితనం నిజానికి ఒక్కటే. 2003లో అనుకుంటా, రాయపూర్ స్టేషన్‌లో రైలు చాలాసేపు ఆగిపోయింది. ఏసీ బోగీ తలుపు దగ్గర ఓ హీరోయిన్ నిలబడి ఉంది. మొహం వాడిపోయింది. స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న నాన్నకని అమ్మ తెచ్చిన పెరుగన్నం డబ్బా ఆమె చేతిలో పెట్టేసింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని మొత్తం తినేసి, ప్లాట్‌ఫాం కుళాయి దగ్గరికెళ్లి డబ్బా కడిగి మరీ ఇచ్చింది. అమ్మ ఇప్పటికీ ఆమె నటన ఊసెత్తదు. డబ్బా కడిగింది, గొప్ప నటి అంటుంది.

సెప్టెంబర్ 5, సాయంత్రం

త్రివేణి వచ్చింది. పక్క క్వార్టర్. ఇక్కడికి దగ్గర్లోని ఆరంగ్ ఊరి ఆడపడుచు. తెలుగు ముక్క రాదు, గంగాభవాని వరసలో పాత కాపు. అమ్మతో పోట్లాటకే వచ్చింది. దీదీ రాకపోతే నాకెవరు చెబుతారు? పోయినసారి ఒక్కదాన్నే వెళ్లాను, పెదాలు కదులుతుంటే చూస్తూ చూస్తూ నిద్రపోయాను, పులిహోర కూడా మిస్ అయ్యాను అంది.

అమ్మ చాలా రోజులకి గట్టిగా నవ్వింది. ఏ చీర కట్టుకోమంటావే అని నన్నడిగింది.

సెప్టెంబర్ 9, ఆదివారం, మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

హాలు నిండింది. ముందు వరసలో గురునాథం గారు, శాలువాలు, బొకేలు. గిరిధర్ మైకులో రెండుసార్లు చెప్పాడు, అతిథి ఉన్నారు, షోలో ఎవరూ మాట్లాడకూడదని. మేం మధ్యలో మెట్ల పక్కన కూర్చున్నాం. అమ్మ గుసగుసగానే చెబుతోంది. డైలాగులు చెవినపడుతున్నాయి కదా, ఇబ్బంది లేదు. త్రివేణి తల ఊపుతోంది.

ఇంటర్వెల్‌కి ముందు తెర మీద మాటలు ఆగిపోయాయి. సంగీతం కూడా లేదు. అమ్మ కూడా ఆగిపోయింది. చీకట్లో ఆమె చేయి నా చేతిని వెతుక్కుంది. ఏటవుతోందే అని అడిగింది, కాస్త గట్టిగానే.

నేను నోరు తెరిచేలోపే త్రివేణి హిందీలో అందుకుంది. హీరో ఫోన్ చెవిన పెట్టుకుని ముందు నిలబడ్డాడు దీదీ. వాణ్ని వదిలెయ్. వెనకాల బాబూజీ కొడుకు చొక్కాకి గుండీ కుడుతున్నాడు. సూదిలోకి దారం ఎక్కట్లేదు. కొస నోట్లో పెట్టి తడిపాడు. మళ్లీ తప్పింది. ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాడు. ఇప్పుడు దారం లేకుండానే కుడుతున్నాడు దీదీ, కుట్టినట్టు చేస్తున్నాడు.

అమ్మ త్రివేణి వైపు వంగింది.

గిరిధర్ వంగుని వచ్చాడు. ఆంటీ, ప్లీజ్, సార్ ముందున్నారు అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. అమ్మ లేచి నిలబడింది. పద ఇంటికెల్పోదాం అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఇప్పుడు వెళ్తే ఇక ఎప్పటికీ రాదు.

ముందు వరసలో ఎవరో లేచారు. గురునాథం గారు. తెర వెలుగులో నడుచుకుంటూ మా దగ్గరికొచ్చి, గిరిధర్‌ని వెళ్లి కూర్చోమని, అమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నారు. అమ్మా, నేను గురునాథాన్ని, మీరు వెళ్లిపోతే ఆ గుండీ సగంలో ఉండిపోతుంది అన్నారు. త్రివేణితో హిందీలో, ఆపకండి బెహన్‌జీ, చెప్పండి అన్నారు.

అమ్మ కూర్చుంది.

మిగిలిన సినిమా అంతా అలాగే నడిచింది. కనిపించేది త్రివేణి చెప్పింది, వినిపించేది అమ్మ చెప్పింది. ముందు వెనక వరసలు కూడా ఇటే చెవులు పెట్టాయి. ఆయన మోకాళ్లు నొప్పి అనుకుంటా, కాళ్లు మార్చి మార్చి కూర్చున్నారు గానీ సీట్లోకి వెళ్లలేదు.

తర్వాత స్టేజీ మీద శాలువా కప్పితే ఆయన ఒక్క మాటే చెప్పారు. ఆ సీన్‌లో నన్ను వెనక ఊరికే కూర్చోమన్నారు, సూదీ దారం నేనే అడిగి తెచ్చుకున్నాను, ఇవాళ్టిదాకా దాని గురించి ఎవరూ అడగలేదు అన్నారు. అమ్మ కింద నుంచే కేకేసింది. అదంతా సరే బాబూ, సెకండాఫ్‌లో నీ గొంతేటి అలగుంది, జలుబు సేసిందా? ఆయన పగలబడి నవ్వారు. డబ్బింగ్ రోజు జ్వరమమ్మా అన్నారు. మిరియాల కషాయం తాగలేకపోయావా అంది.

నా వంతు వచ్చింది. కాగితాలు బ్యాగులోంచి తియ్యలేదు. మైకు పట్టుకుని, ఆవిడ మా అమ్మ గంగాభవాని, పక్కన త్రివేణి అన్నాను. మైకు గిరిధర్‌కి ఇచ్చేశాను. చప్పట్లు ఎంతసేపు కొట్టారో! జీవితంలో ఏ పుస్తకావిష్కరణలోనూ నేనింత గర్వపడలేదు.

సెప్టెంబర్ 10

నిద్ర పట్టక ఆలోచిస్తున్నాను. మెట్టు మీద కూర్చోవడం ఆయన మంచితనమే. కానీ అంతకుముందే, కెమెరా హీరో మీదున్నప్పుడు, ఎవరూ చూడని మూలలో ఆ సూదితో అంత శ్రద్ధగా తంటాలు పడ్డారే, అది కూడా మంచితనమే. ఎక్కడో ఒక త్రివేణి చూస్తుందని ఆయనకి తెలియదు కదా.

గిరిధర్ పొద్దున్నే స్వీట్ బాక్సుతో వచ్చాడు. వచ్చే షో నుంచి మెట్ల పక్క వరస అమ్మకే వదిలేస్తారట. అమ్మ వాణ్ని క్షమించింది. స్వీటు బాగోలేదని మాత్రం చెప్పింది.

అక్టోబర్ 7, ఆదివారం, పొద్దున్న ఎనిమిది

మళ్లీ షో. ఆటో బయట హారన్ కొడుతోంది. అమ్మ అద్దం ముందు కూర్చుంది, వెనక త్రివేణి. హీరోయిన్ బొట్టు పెట్టుకుంటోంది అంటోంది త్రివేణి. కొంచెం పక్కకి పోయింది. సరిచేసుకుంది. ఇప్పుడు నవ్వుతోంది.

తర్వాతేటయింది అంది అమ్మ.