ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు

శ్రీమతికి,

నేనూ, చిన్నదాని గినీ పందులు రెండూ క్షేమమే. కంగారుపడకు.

పిల్లలతో ఊరెళ్తూ నువ్వు ఫ్రిజ్‌లో పెట్టిన రెండు డబ్బాల్లోనూ కాప్సికం, కీరా, ఆకులే ఉన్నాయి. ఒకటి నాకు, ఒకటి వాటికి అన్నావు గానీ ఏది ఎవరిదో చెప్పలేదు. డాక్టరు నన్ను చప్పిడి తినమన్నాడు కదా అని చప్పగా ఉన్నది నేను తిన్నాను. నిమ్మరసం, మిరియాల పొడి కలిపింది వాటికి వేశాను. అవి వాసన చూసి, తుమ్మి, గోడవైపు తిరిగి కూర్చున్నాయి. భయమేసి పశువుల డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను.

"మిరియాలేంటండీ బాబూ! ఎండుగడ్డే వీటి అసలు తిండి. ఆకులు, కాప్సికం రోజూ కాసిని. క్యారెట్ ఎప్పుడైనా ఒక ముక్క," అన్నాడు.

పక్కింటి పిన్నిగారేమో క్యారెట్లే పెట్టమంటారు. అమ్మినవాడేమో గింజలు చాలంటాడు. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. ఇన్నాళ్ళూ నువ్వేం పెట్టావో వెంటనే రాయి.

పెద్దదానికి జ్వరం తగ్గిందా? ఎండుగడ్డి సంచి ఎక్కడ దాచావు? నా నీలం చొక్కా ఏది?

పిల్లలిద్దరికీ ఆశీస్సులు. నాకోసమే నిమ్మరసం, మిరియాలు కలిపి మరీ పెట్టావని ఆలస్యంగా తెలిసింది. వాటి తిండి నేను శుభ్రంగా తినేశాను. నీ చేతి రుచి మాత్రం బోను కడిగిన నీళ్ళలో పోయింది.

ఇట్లు,
నీ చప్పిడి మొగుడు