మా ఆయన్ని పడెయ్యడం

1966 నవంబరు 6, ఆదివారం

నా రాత వంకర. తప్పులు కూడా ఉంటాయి. చదివింది నాలుగో తరగతి. ఎవరైనా చదివితే మన్నించాలి. రాయమన్నది మా ఆయన. ఆయన లిలువా రైలు వర్క్‌షాపులో ఫిట్టరు, రైల్వే తరఫున జూడో ఆడేవారు. ప్రతి ఆట తర్వాత ఎందుకు గెలిచారో, ఎందుకు పడ్డారో రాసుకునేవారు. నువ్వూ రాయి అన్నారు.

ఈ ఏడు ఆయన మోకాలు చెడింది. ఇక పోటీలు వద్దన్నాడు డాక్టరు. మిగిలింది నేర్పడం ఒక్కటే. రైల్వేవాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడవాళ్ళకు జూడో క్లాసు పెడతానంటే సెక్రటరీ ఘోష్ బాబు, "ముందు మీ ఇంటావిడకు నేర్పి అందరి ముందూ చూపించు. అప్పుడు మిగతావాళ్ళూ తమ ఆడవాళ్ళను పంపిస్తారు" అన్నాడట. ఇరవయ్యో తారీఖున చూపించాలి.

నలుగురిలో నోరు విప్పలేని నేను సరే అన్నాను. రోజూ పొద్దున్నే సాధన. ఒట్టు.

నవంబరు 7, సోమవారం

మొదటి పాఠం. నేలమీద సుద్దతో మా నాలుగు పాదాలూ గీశారు. వెనకాల పరుపు వేశారు. పడెయ్యడం ఒక పని కాదట, నాలుగు పనులట. పట్టు, లాగు, అడుగు, తుడుపు. ఇంజను విప్పినట్టు దేనికది విప్పి చూపించారు. బలం అక్కర్లేదు. ఆయన బరువంతా ఒక పాదం మీదికి వచ్చేటప్పుడు దాన్ని నా పాదంతో పక్కకు తోసేస్తే చాలు, అదే తుడుపు.

తోశాను. పడ్డారు. నేను పడేశాను!

వెంటనే వంగి ఆయన పాదం తాకి కళ్ళకద్దుకున్నాను.

"ఏటి నర్సూ, మధ్యలో ఈ మొక్కేటి?"

"కాలు తగిలింది కదండీ."

"తగలాలనే కదా నేర్పుతున్నాను. ఒగ్గీ. నువ్వలా వంగితే నీ మెడ నాకు దొరికిపోతాది."

రేపటినుంచి మొక్కను.

నవంబరు 9, బుధవారం

ఒకసారి మొక్కలేదు. మిగతా అన్నిసార్లూ మొక్కాను. కుడిచేతికి చెంగు చుట్టుకుంటే ఎడమ చెయ్యి వెళ్ళింది. ఆయన కోప్పడలేదు. మళ్ళీ మళ్ళీ చేయించి, "కాలు తగిలిన వెంటనే కాదు, నా మడమ లేచినాక వంగుతున్నావు" అని చెప్పి, అదీ రాసుకున్నారు.

అత్తగారు దాలమ్మ గుమ్మంలో నిల్చుని అంతా చూసింది.

"మొగుణ్ణి తన్నడానికి తెల్లారకుండా లేసినారేటి? మా కాలంలో నోటితోనే పనైపోయేది."

"తన్నడం కాదమ్మా, తుడుపు అంటారు దీన్ని" అన్నారు ఆయన.

"అయితే ముందు వాకిలి తుడవమను."

నవంబరు 12, శనివారం

కాళీపూజ. వీధంతా టపాసులు, నిద్ర లేదు. సాధన లేదు. రేపు రెండింతలు చేస్తాను.

నవంబరు 13

పరుపు ఎండలో వేశాం. కుదరలేదు.

నవంబరు 15

నడుం నొప్పి. నిజంగానే. కొంచెం.

నవంబరు 18, శుక్రవారం

"భయమేటి?" అని అడిగారు.

"అందరి ముందూ మొక్కేస్తానేమోనండి."

"మొక్కకు."

"సరేనండి."

సాధన ఇంతే.

నవంబరు 20, ఆదివారం

ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. ముందు కుర్చీలో ఘోష్ బాబు, పక్క బెంచీ మీద ఆడవాళ్ళు. నేను తల ఎత్తలేదు. ఆయన పాదాలే చూశాను. పట్టు. లాగు. అడుగు. తుడుపు. పడ్డారు. చప్పట్లు కొట్టారు.

నా చెయ్యి వెళ్ళిపోయింది. నేను మొక్కుతుంటే ఆయన ఆట అలవాటుకొద్దీ ఆ చెయ్యి పట్టి లాగేశారు. ఆయన మీదే బోర్లా పడ్డాను. హాలంతా ఒకటే నవ్వు.

ఘోష్ బాబు తల అడ్డంగా ఊపాడు. "హోబే నా, కూర్మయ్యా. ఇది కుదిరే పని కాదు."

దారిపొడుగునా ఆయన కుంటుకుంటూ ముందు నడిచారు. ఆడడం మోకాలితో పోయింది, నేర్పడం నాతో పోయింది. ఇక ఈ డైరీ రాయను.

నవంబరు 21, సోమవారం

రాస్తున్నాను.

పొద్దున్న టీ తాగుతూ ఆయన అడిగారు. "నువ్వు మొక్కినప్పుడు బెంచీ మీద ఆడోళ్ళని చూసినావా?"

"తల ఎత్తలేదండి."

"ముగ్గురి చేతులు కళ్ళ దగ్గరికి పోనాయి. ఘోష్ బాబు పెళ్ళాందీ పోనాది. తప్పు నీది కాదు, నా పాఠానిది. ఆ చెయ్యి అందరికీ ఉన్నాది. ఆపమంటే ఎవులూ ఆపలేరు."

సుద్ద తీశారు. ఈసారి పాదాల పక్కన ఒక చెయ్యి కూడా గీశారు.

"కాలు తగిలినాక నీ ఇష్టమొచ్చినట్టు వంగు. కాకపోతే కళ్ళకద్దుకునే ముందు నా మడమ పట్టి పైకెత్తు."

వంగాను. పట్టాను. ఎత్తాను. ఆయన పరుపు మీద వెల్లకిలా పడ్డారు. పక్కనున్న బిందె దొర్లింది. అత్తగారు పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మ, సంపేసినావేటే?"

"లేదమ్మా, నేర్సుకున్నాది" అన్నారు ఆయన పడుకునే. నవ్వుతున్నారు. మోకాలు చెడ్డాక నవ్వడం ఇదే మొదటిసారి.

సాయంత్రం బజారులో ఘోష్ బాబు భార్య నన్ను ఆపింది. "బౌమా, కోడలు పిల్లా, నిన్న మా ఆయనతో పోట్లాడాను. ఇంత సిగ్గరి పిల్ల అందరి ముందుకూ వచ్చిందంటే నేనూ వస్తాను అన్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ చూపించమన్నాడు" అని బంగ్లా భాషలో చెప్పింది. నేను తల ఊపాను. తర్వాత నోటితో కూడా "వస్తాం" అన్నాను.

రేపటినుంచి మళ్ళీ రోజూ సాధన. నడుం నొప్పి వచ్చినా సరే. మొక్కడం మానను. మడమ ఎత్తి ఆయన్ని పడేశాకే కళ్ళకద్దుకుంటాను.

చదివినవారు దయచేసి ఈ కాగితాలు పొయ్యిలో పెట్టండి. మొగుణ్ణి రోజూ పడేస్తున్నానని మా పుట్టింట్లో తెలిస్తే, మా అమ్మ రైలెక్కి వచ్చి తనకూ నేర్పమంటుంది.