గేటు దగ్గర తలల లెక్క

చెల్లాయీ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

సెలవుల్లో పిల్లలకు పులుల అడవి చూపిస్తానన్నావు. రండి, కానీ ఇరుకైనా అందరూ ఒకే జీపులో కూర్చోండి. పోయిన ఆదివారం ఒక కుటుంబం రెండు జీపుల్లో వెళ్లింది. నీళ్లగుంట దగ్గర జింకల ఫొటో కోసం పెద్దాయన దిగాడు. ఈ జీపువాళ్లు ఆయన ఆ జీపులో ఉన్నాడనుకున్నారు, ఆ జీపువాళ్లు ఇందులో ఉన్నాడనుకున్నారు. గేటు దగ్గర లెక్కపెట్టింది నేనే. వెళ్లింది పదకొండు, వచ్చింది పదకొండు. దారిలో మా అడవి వాచరు ఒకడు వాళ్ల జీపు ఎక్కాడట. నేను తలలే లెక్కపెట్టాను, మొహాలు చూడలేదు.

"నాన్న ఏరండీ?" అని కూతురు నన్నే అడిగింది.

మర్నాడు కళ్లజోడూ ఒక చెప్పూ దొరికాయి, ఆయన దొరకలేదు. "ఎవరైనా పొరబడతార్లే" అంటాడు రేంజరు. నాకు ముద్ద దిగడం లేదు.

బావగారి మోకాలు ఎలా ఉంది? నా పాత స్వెట్టరు పట్టుకురా. పిల్లలు చల్లగా ఉండాలి.

ఎంతమంది వస్తారో రాయొద్దు, ఒక్కొక్కరి పేరూ రాయి. ఇప్పుడు గేటు దగ్గర అందర్నీ పేరుపెట్టి పిలుస్తున్నాను. నీ చంటిదానికి ఇంకా పేరు పెట్టకపోతే, పెట్టాకే బయల్దేరండి.

మీ అన్నయ్య