వేడినీళ్ల తొట్టి

సుగుణా,

చెప్పేది మీ అమ్మను, రాసేది నీ కూతురు ప్రియ. పోయేముందు నువ్వు, "దాన్ని రొయ్యల కంపెనీకి మాత్రం పంపకమ్మా" అన్నావు. సరేనన్నాను. ఇప్పుడా మాట తప్పాను. ఎందుకో విని, తర్వాత తిట్టు.

అవనిగడ్డ దారిలో కొత్త కంపెనీ వచ్చింది. ప్రియ అందులో చేరతానంటే ముందు నేనే చూడ్డానికి వెళ్లాను.

"బయటివాళ్లను లోపలికి పంపమండీ మామ్మగారూ" అన్నాడు వాచ్‌మన్.

"నా మనవరాలు కావాలి గానీ నేను అక్కర్లేదా?" అని అరిచాను. ఆ కేకకు సూపర్‌వైజరమ్మ వచ్చి, నాకూ టోపీ పెట్టి, బూట్లు తొడిగించి తీసుకెళ్లింది.

అక్కడ అందరూ కూర్చునే రొయ్యలు వొలుస్తున్నారు సుగుణా. నువ్వు రొయ్యలు వొలిచిన ఆ షెడ్డులో పొద్దస్తమానం ఐసు నీళ్లలో నిలబడేదానివి. ఇక్కడ గోడవారన వేడినీళ్ల తొట్టి పెట్టారు. వేళ్లు కొంకర్లు పోతే ఎవరినీ అడగకుండా లేచెళ్లి చేతులు ముంచుకోవచ్చు. నమ్మకం కలక్క నేనూ ముంచి చూశాను.

"మరి పని ఆగిపోదా?" అన్నాను.

"చేతులు బాగుంటేనే కదండీ పని" అంది ఆవిడ. నీ షెడ్డు మేస్త్రీ ఒక్కనాడూ అనని మాట అది.

ప్రియ చేరి నెల దాటింది. నిన్న రాత్రి గోంగూర పచ్చడి వేశాను. పుళ్లు పడ్డ నీ వేళ్లకు కారం మండుతుందని నేనే ముద్దలు కలిపి పెట్టేదాన్ని కదా, ఆ అలవాటున దీనికీ కలపబోయాను.

"నాకు చేతుల్లేవా అమ్మమ్మా?" అని కంచం లాక్కుంది. తనే కలుపుకుని తిని, వేళ్లు నాకి, ఇంకాస్త వడ్డించమంది.