మూడూ పదికి వచ్చే బస్సు

మార్చి 11, మంగళవారం
ఉదయం ఎనిమిదింపావు

చిరంజీవి పిడుగుకు నానమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుని పాతదాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. మీ అమ్మ చూసి కూడా చెప్పకుండా నవ్వుతోంది. నువ్వు వేళకు తిని, వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలవడమే, నమ్మడం లేదు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకంటే, ఆదివారం మీ అమ్మ నీకు ఫోన్ చేస్తుంది. చేసిందంటే ఒక సంగతి కడుపులో దాచుకోలేదు. అది ముందు నా చేత్తోనే నీకు అందాలి. దానికి వస్తాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు, నువ్వు అడిగిన వరసలోనే.

మోకాలు: మెట్లు దిగేటప్పుడు మాత్రమే తానున్నానని చెబుతోంది. ఎర్ర పెన్ను: ఇంకా రాస్తోంది. నీ ఉత్తరంలో తప్పులు నాలుగు. దిద్ది ఇందులో పెట్టాను.

డెబ్బై రెండేళ్ల వయసులో నీకు కమిటీ ఎందుకు నానమ్మా అన్నావు. నేను అడగలేదు, వాళ్లే పిలిచారు. మన విద్యా జిల్లాలో పద్నాలుగు బడులు. మూడో తరగతిలో నూటికి డెబ్బై మంది చక్కగా చదవగలగాలని లక్ష్యం పెట్టి మూడేళ్లయింది. మూడేళ్లూ తప్పాం. ఈసారి యాభై రెండు. నియమం ప్రకారం జిల్లా ఒక మెరుగుదల ప్రణాళిక రాసి పైఆఫీసును ఒప్పించాలి. ఒప్పుకోకపోతే చిన్న బడులు మూడింటిని పెద్దబడిలో కలిపేస్తారు. ఆ మూడింటిలో ఒకటి మన బడి. నేను పంతొమ్మిదేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నది, నువ్వు ఐదేళ్లు చదివింది, మీ అమ్మ పన్నెండేళ్లుగా నా కుర్చీలో కూర్చుంటున్నది అందులోనే. మోకాలికి నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చోమంటావా?

మొదటి సమావేశానికి ఒక సలహాదారు వచ్చాడు. మంచి కుర్రాడే, కానీ అరవై నాలుగు పేజీల ప్రణాళికలో పేజీకొక అమ్ములపొది, గళ్లూ బాణాలూ. ఒక బాణం ‘అవగాహన’ దగ్గర బయల్దేరి ‘సాధికారత’కు గుచ్చుకుంటుంది. పనులు నలభై ఒకటి. ఒక్కదాని ఎదురుగా కూడా ఎవరు చేయాలో లేదు, ఎప్పటిలోగానో లేదు.

“నాయనా, ఈ పెళ్లికి పెళ్లికొడుకెవరు?” అన్నాను.

“అందరూ కలిసి చేస్తారండీ.”

“అందరి పని అంటే ఎవరి పనీ కాదు. పేర్లు రాయి.”

మీ అమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. మంచి కాలే, ఫరవాలేదు.

అప్పుడతను అంకెలు చూపించాడు. వెనకబడ్డవాళ్లలో ఎక్కువమంది బస్సులో వచ్చే పిల్లలట. “దూరపు ఇళ్లండీ. ఇంట్లో చదువు వాతావరణం ఉండదు” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మనిల్లు ఊరి చివర ఉన్న రోజుల్లో, నేను ఐదింటిదాకా బడిలో ఉండిపోతే, నువ్వూ బస్సెక్కిన పిల్లవే. మనింట్లో వాతావరణం తక్కువేం కాదు, కావలసినదానికంటే ఎక్కువే. కానీ అంకెలు అబద్ధం కావు. మన బడిలో మూడో తరగతి ముప్పై ఒక్క మంది. నడిచి వచ్చే పద్నాలుగు మందిలో పదకొండు మంది గట్టెక్కారు. బస్సులో వచ్చే పదిహేడు మందిలో ఐదుగురు.

మర్నాడు, అంటే కిందటి మంగళవారం, మీ అమ్మ కోసం బడి గేటు పక్క బెంచీ మీద కూర్చున్నాను. మూడూ పదికి బస్సు వచ్చింది. బస్సు పిల్లలు తరగతుల్లోంచి బిలబిలా బయటికొచ్చారు. ఒక రెండు జడల పిల్ల చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది. లాంతరు పోగొట్టుకున్న తాబేలు కథ.

“లాంతరు దొరికిందా?” అని అడిగాను.

“ఏమో టీచరమ్మా, బస్సొచ్చేసింది. నడిచెళ్లే వాళ్లకి తెలుస్తుంది.”

“నిన్నటి కథలో?”

“నిన్న కూడా బస్సొచ్చిందిగా!” అంది, నాకు బుర్ర తక్కువన్నట్టు.

చదివే పీరియడు రెండూ యాభై నుంచి మూడున్నర దాకా. బస్సు మూడూ పదికి. సంచులు సర్దుకోవడానికి ఐదు నిమిషాలు. నలభై నిమిషాల్లో వాళ్లకు దక్కేది పదిహేను. పద్నాలుగు బడుల్లోనూ ఇదే టైంటేబుల్, ఇదే బస్సుల వేళ.

బస్సు డ్రైవరును నిలదీశాను. అతను చేతులు జోడించాడు. “ఆలస్యమైతే గేటు తీయనని నన్ను హడలగొట్టింది మీరే కదమ్మా! పదిహేడేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు.” ఇది కూడా ఆదివారం మీ అమ్మ చెబుతుంది, రెండింతలు చేసి.

పిడుగూ, ఇక ఆ సంగతి.

ఆ టైంటేబుల్ వేసింది నేనే. పద్దెనిమిదేళ్ల కిందట. లెక్కలు పొద్దున్నే ఉండాలి, చదవడం తేలిక కనుక అలసిన వేళ పెట్టినా చాలు అనుకున్నాను. బాగుందని మిగతా బడులూ తీసుకున్నాయి. అప్పట్లో బస్సు మూడున్నరకే వచ్చేది. మరుసటి ఏడు బస్సు రెండు తిరుగుళ్లు తిరగవలసి వచ్చి మూడూ పదికి మార్చారు. ఆ కాగితం నా బల్ల మీదకే వచ్చింది. ‘చూశాను’ అని సంతకం పెట్టాను. పీరియడు మార్చలేదు.

బెంచీ మీద కూర్చున్నప్పుడే ఇదంతా గుర్తొచ్చింది. అయినా మంగళ, బుధ, గురు మూడు రోజులు నోరు విప్పలేదు. శుక్రవారం సమావేశంలో నేను బస్సు వేళ సంగతి చెబితే, విద్యాధికారి “ఈ టైంటేబుల్ ఎవరు వేశారు?” అని పాత ఫైలు తెమ్మన్నాక, ఫైలు తలుపు దాటి వచ్చేలోపు లేచి నిలబడ్డాను. “నేనే. తప్పు నాది” అన్నాను. మీ అమ్మ మెల్లగా అంది: “నాకు ఎప్పుడో అనుమానం వచ్చింది అత్తయ్యా. ప్రతి ఏడూ మారుద్దామనుకుంటాను. మీ చేతిరాతతో ఫ్రేము కట్టి నా తల మీదే ఉందది. మీరు ఏమంటారోనని...”

పన్నెండేళ్లు! బస్సు కంటే నేనంటే ఉన్న భయమే పిల్లల చదువును ఎక్కువ ఆపింది. మర్నాడు బడిలో నేనే స్టూలు పట్టుకుంటే మీ అమ్మ ఎక్కి ఆ ఫ్రేము దింపింది. దిగుతూ “ఇప్పుడు గోడ బోసిగా ఉంది అత్తయ్యా” అంది. “గడియారం పెట్టు, నా కంటే పనికొస్తుంది” అన్నాను. ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

ప్రణాళిక మూడు పేజీలకు తగ్గింది. బాణాలు రెండు మిగిల్చాను, కుర్రాడు చిన్నబుచ్చుకోకుండా. నిన్న పైఆఫీసు ఒప్పుకుంది. ఏడాది గడువు, అప్పటిదాకా మన బడి మనదే.

ఒకటి మిగిలింది. మూడో తరగతిలో నువ్వు నన్ను అడిగావు: “నానమ్మా, కథలకి చివర ఉండదా?” శ్రద్ధ లేని చెవికి ఉండదన్నాను. ‘నేను శ్రద్ధగా వింటాను’ అని ఇరవైసార్లు రాయించాను. నువ్వు ఏడుస్తూనే గుండ్రంగా రాశావు. నువ్వు వింటూనే ఉన్నావు తల్లీ. విననిది నేను.

ఇక జరగవలసినవి:

1. వచ్చే సోమవారం నుంచి పద్నాలుగు బడుల్లోనూ చదవడం మొదటి పీరియడు. బాధ్యత: హెడ్‌మాస్టర్లు.
2. చివరి పీరియడులో ఏ పాఠం ఉండాలో వారంవారం మారాలి. ఎప్పుడూ ఒకటే నష్టపోకూడదు. బాధ్యత: మీ అమ్మ.
3. బస్సు వేళ మారితే ఆ రోజే టైంటేబుల్ సరిచూడాలి. ఉత్త ‘చూశాను’ చెల్లదు. బాధ్యత: విద్యాధికారి.
4. ఏప్రిల్ 25న మళ్లీ పరీక్ష. బస్సు పిల్లలవి, నడిచే పిల్లలవి వేర్వేరుగా లెక్కపెట్టాలి. బాధ్యత: సలహాదారు. బాణాలు అక్కర్లేదు.
5. డ్రైవరుకు క్షమాపణ. బాధ్యత: నేను. అయింది.
6. ‘నేను శ్రద్ధగా వింటాను’ ఇరవైసార్లు. బాధ్యత: నేను. ఇందులో జతచేశాను, లెక్కపెట్టుకో.
7. ఏప్రిల్ 4, శుక్రవారం, మొదటి పీరియడులో మూడో తరగతికి తాబేలు కథ చివరిదాకా చదివి వినిపించాలి. బాధ్యత: నువ్వు. లాంతరు దొరికిందో లేదో నేను రాయను. వచ్చి తెలుసుకో.

ఇట్లు,
వెనక బెంచీలో కూర్చుని వినబోయే
మీ నానమ్మ