బజారులో తిప్పుకున్న మొహం

మంగళవారం, ముళబాగిలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లు బయట ఎదురైతే కౌన్సెలర్ ముందుగా పలకరించకూడదు. పలకరిస్తే, వాళ్లు మా దగ్గరికి వస్తున్న సంగతి పక్కనున్నవాళ్లకు తెలిసిపోతుంది. ఈ నియమం మొదటి రోజే చెప్పాలి. మునెమ్మగారికి నేను చెప్పలేదు. భర్త పోయినప్పటి నుంచి వీధివాళ్లు తనను చూసి మొహం తిప్పుకుంటున్నారని ఆమె ఏడుస్తుంటే, నియమాలు చదవడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం బజారులో ఆమె తన వదినతో కలిసి ఎదురైంది. నన్ను చూసి నవ్వింది. నేను టమాటాల వైపు తిరిగాను.

ఈరోజు వచ్చి, కూర్చోకుండానే అడిగింది. “నువ్వూ మొగం తిప్పుకుంటివి కదమ్మా?”

అప్పుడు చెప్పాను నియమం. “మీ మంచికేనమ్మా” అన్నాను.

“మా వీధోళ్లూ అట్లే అంటారు లేమ్మా. నాకు బాధ అవుతుందనే పలకరించలేదంట.”

వచ్చే వారం వస్తారా అని అడగలేకపోయాను.