గడ్డం గీయించుకుంటూ వెతికాను

శుక్రవారం, మధ్యాహ్నం
బస్టాండు పక్క టీకొట్టు బల్ల మీద

నా చదువుల తల్లికి,

నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. నేను బాగున్నాను. ఎంత బాగున్నానంటే, టీ తెచ్చిన ఆవిడ నా మొహం చూసి, ఏం పెద్దాయనా, మనవడు పుట్టాడా అని అడిగింది.

ఈ ఉత్తరం నువ్వు మనసులో చదువుకోకు. మీ అమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకుని, గట్టిగా చదువు. పక్క మంచాలవాళ్ళు వింటే విననీ. నర్సమ్మ వచ్చి కసిరిందనుకో, ఆవిడకు మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించు.

మీ అన్న దొరికాడు.

ఆ మాట ఇంకోసారి చదువమ్మా. దొరికాడు! మా తండ్రే, మా తండ్రే, దొరికాడు!

ఫోన్ చేస్తే ఆయన సొమ్మేం పోయింది అంటుంది మీ అమ్మ. ఇంత సంతోషం ఫోన్‌లో పడుతుందా? ఏడుపూ నవ్వూ కలగలిసి సగం మాట కూడా వినబడదు. కాగితమైతే ఆవిడ కావలసినన్నిసార్లు చదివించుకోవచ్చు, తలగడ కింద పెట్టుకోవచ్చు. మనవైపు వచ్చే బస్సు డ్రైవరు మంచివాడు. రేపు పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర నీ చేతికే ఇస్తానన్నాడు, నేను ఆ తర్వాతి బస్సుకు వస్తాను.

డాక్టరుగారు గుండె ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు మీ అమ్మ ఏమందో నువ్వూ విన్నావు. వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నది నా నోరే, వాడు ఎక్కడున్నాడో, నా మీద కోపం చల్లారిందో లేదో తెలియకుండా నేను ఆ బల్ల ఎక్కనంటే ఎక్కను అంది. ఎక్కువ రోజులు ఆగితే నా చేతుల్లో ఉండదని డాక్టరుగారు అన్నారు. ఈవైపు ఎక్కడో వాడు బస్సు దిగుతుంటే చూశానని మన సెలూనుకొచ్చే ఒకాయన ఎప్పుడో అన్న మాట పట్టుకుని నేను సంచీ భుజాన వేసుకున్నాను.

బయలుదేరేముందు ఆసుపత్రి వరండాలో నువ్వు నీ పరిశోధన కాగితాలు నా ముందు పరిచావు. మనుషులు తెలియనిదాన్ని ఎలా వెతుక్కుంటారు, దొరికినదాన్ని ఎలా వాడుకుంటారు అని పెద్ద చదువులవాళ్ళు గీసిన నమూనాలట. అన్నీ గడులూ, బాణాలూను. నాకు నమూనా అంటే మన షాపు గోడమీది కటింగు బొమ్మలే తెలుసు అంటే పకపకా నవ్వావు. ఏం, తప్పన్నానా? ఆ బొమ్మలో ఉన్నట్టు ఏ తలా కుదరదు. అయినా బొమ్మ లేకపోతే కుర్చీలో కూర్చున్నవాడికి తనకేం కావాలో నోట రాదు. నీ గడులు కూడా నాకు అలాగే ఆసరా అయ్యాయి.

మనిషి అన్నీ తెలిసినవాడి దగ్గరికి పోడు, తనకు దగ్గరగా ఉన్నవాణ్ణి, తనలాంటివాణ్ణి అడుగుతాడు అని ఒక నమూనాలో ఉందన్నావు. అది గీసినవాడెవడో నన్ను చూసే గీశాడు. పోలీసు స్టేషను గేటు దాకా వెళ్ళి కూడా లోపలికి పోబుద్ధి కాలేదు. ఏ ఊళ్ళో దిగినా సెలూను ఎక్కడ అనే అడిగాను. ఊళ్ళో తలకాయలన్నీ ఎప్పుడో ఒకప్పుడు మా కుర్చీలోకి రావాల్సిందే గదా! ఊరికే నిలబడి అడిగితే ఎవడు చెబుతాడు? అందుకని గడ్డం గీయమని కూర్చునేవాణ్ణి. పొద్దున గీసిన గడ్డమే మధ్యాహ్నం, మధ్యాహ్నం గీసిందే సాయంత్రం. ఒకాయన నా చెంప తడిమి చూసి, పెద్దాయనా, ఇక గీస్తే తోలే రావాలి అని కత్తి కింద పెట్టేశాడు. ఇక్కడ కొంచెం ఆగు. మీ అమ్మను నవ్వనీ.

ఇంకో బొమ్మలో, దారిన పోయేవాడికి ఒకచోట గొయ్యి అడ్డం వస్తుంది, అవతలేముందో తెలియదు, చేతికందిన చెక్కా ముక్కా వేసుకుని దాటుతాడు అన్నావు. నా గోతికి అవతలి గట్టే కనబడలేదమ్మా. ఒక ఊళ్ళో వాన పట్టుకుంది. బస్సు షెల్టరు కింద తడిసి ముద్దై నిలబడి, ఇక చాలు, తిరుగు బస్సు ఎక్కేద్దాం అనుకున్నాను. అప్పుడు నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. వెతికేవాడికి సగం దారిలో అయోమయం తగ్గదు, పెరుగుతుంది, అది వాడి తప్పు కాదు, అందరికీ అంతే అన్నావు. అందరికీ అంతే అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ముందుకు పోయే బస్సు ఎక్కాను. నీ చదువు ఎవరికి పనికొస్తుందని మీ మేనత్త దెప్పుతుందే, ఈసారి అంటే నా దగ్గరికి పంపు.

తీరా చూస్తే, దొరికింది అడిగితే కాదు. నీ కాగితం మీద ఒక మూల చిన్న గడి ఉంది చూడు, వెతకకుండానే ఎదురుపడేది అని. అదే జరిగింది. ఈ ఊరి సెలూనాయనకు నోరు ఆగదు. బేరాలెలా ఉన్నాయని అన్నానో లేదో, ఏం బేరాలు గురువుగారూ, ఆ రొట్టెల బట్టీవాళ్ళలో ఒక్కడూ నా గడప తొక్కడు, వాళ్ళలోనే ఒకడు ఆదివారం పూట పెరట్లో కుర్చీ వేసి అందరికీ ఊరికే కత్తిరిస్తాడు, చెయ్యి కూడా నాకంటే బాగుంటుంది పాపిష్టివాడికి అని సణిగాడు.

ఎంత తెలివితక్కువవాణ్ణే నేను! సెలూనువాడి కొడుకు ఇంకొకడి సెలూనుకు ఎందుకెళ్తాడు? వాడి తల వాడే కత్తిరించుకుంటాడు. ఈ లోకంలో వాడు అడుగుపెట్టని చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. సరిగ్గా ఆ ఒక్కచోటునే పట్టుకుని నేను ఊరూరా వెతికాను! మీ అమ్మ ఇప్పుడు, ఆయన బుర్ర సంగతి నాకు తెలియదూ అంటుంది. అననీ. ఎన్నాళ్ళైంది ఆవిడ నన్ను తిట్టి.

సగం గడ్డానికి నురగతోనే బట్టీకి పరుగెత్తాను.

మీ అన్న గురించి ఇప్పుడు నెమ్మదిగా చదువు. వాడికి పైగది ఇచ్చారు. కింద పొయ్యి మండుతుంటుంది గనక చలికాలం దుప్పటి అక్కర్లేదట. మీసం పెంచాడు, కొనలు నాలాగే కిందికి వాలాయి. ముంజేతి మీద రొట్టెలు కాల్చే రేకు తగిలి కాలిన మచ్చ ఉంది, మానిపోయింది, కంగారు పడొద్దని చెప్పు. పిండి పిసుకుతూ కూనిరాగం తీస్తాడు, ఇప్పటికీ శ్రుతి లేదు. బట్టీ యజమానురాలు పెద్దావిడ. పనివాళ్ళంతా ఆమెను పెద్దమ్మా అంటారు. వాడు కోరుకున్నట్టు మాడిన అంచు రొట్టె వాడికే పక్కన పెడుతుందట.

ఇక మీ అమ్మ వినాలనుకున్న మాట. కోపం లేదు. రవ్వంత కూడా లేదు. ఒకసారి పెద్దమ్మ ఎవరినో పనివాణ్ణి తిడుతుంటే మీ అన్న నవ్వి, మా అమ్మ ఇంతకంటే బాగా తిడుతుంది, తిట్టిన నోటితోనే తిన్నావా అని అడుగుతుంది, ఆ రెండోమాట వినకుండా వచ్చేశాను, అదే నేను చేసిన తప్పు అన్నాడట. ఇది నేను కల్పించింది కాదు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఇప్పటికిప్పుడు వాడు రాలేడు. ఫోన్‌లో మాట్లాడడట, అమ్మ మొహం చూసే మాట్లాడతాడట. మొండితనం ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ మొహం వాడు చూడాలంటే ముందు సంతకం పడాలి. పెన్ను నీ సంచీలోదే ఇవ్వు, ఆసుపత్రి పెన్నులు రాయవు.

నువ్వు నీ పరిశోధన మధ్యలో వదిలెయ్యకు. నాన్న మీద ఒట్టు.

మీ అమ్మకు నా మాటగా నుదుటి మీద చెయ్యి వెయ్యి.

సంతోషం పట్టలేక చేతిరాత వంకరపోయిన
మీ నాన్న

తా.క. ఈ ముక్క వేరే కాగితం మీద రాసి లోపల మడతపెట్టాను. ఇది గట్టిగా చదవకు. వరండాలోకి వెళ్ళు.

మీ అన్న లేడు తల్లీ. పోయిన వానాకాలం జ్వరం ఊపిరితిత్తులకెక్కి ఆ పైగదిలోనే పోయాడు. సెలూనాయన చెప్పిన మాట నీకు సగమే, అదీ ఇప్పుడు జరుగుతున్నట్టు మార్చి రాశాను. ఆ కత్తిరించేవాడు పోయాక ఇప్పుడు మళ్ళీ నా దగ్గరికే వస్తున్నారులెండి అన్నాడు. అతను పెట్టిన నురగతోనే పరుగెత్తాను, అది నిజం.

మీసం, మచ్చ, కూనిరాగం, అమ్మ మాట, అన్నీ పెద్దమ్మ చెప్పినవే. నేను చూసింది ఆ గది మాత్రమే. ఇప్పుడు అందులో పిండి బస్తాలున్నాయి. పాపం ఆమె కూడా మనకోసం వెతికిందట. వాడు ఊరిపేరు ఎవరికీ చెప్పలేదు. వాడి ఫొటో పట్టుకుని బస్టాండులో ప్రతి కండక్టరునూ అడిగిందట. నేను కుర్చీల్లో కూర్చుని అడుగుతుంటే, ఆమె బస్సుల దగ్గర నిలబడి అడిగింది.

నిన్ను కూడా మోసం చేశాను. ముందే చెబితే చదివేటప్పుడు నీ గొంతు వణుకుతుంది, మీ అమ్మ పట్టేస్తుంది. నా నోటితో చెప్పినా పట్టేస్తుంది, అందుకే ఉత్తరాన్ని నాకంటే ముందు పంపాను. నువ్వు ఇది చూసే సమయానికి ఆవిడ నవ్వి ఉంటుంది. ఆ నవ్వు చూశాక ఏం చెయ్యాలో నువ్వే తేల్చుకో. లోపలికి వెళ్ళి నిజం చెప్పేసినా నేను ఒక్కమాట అనను.

నీ నమూనాలన్నీ దారంతా నెమరేసుకున్నాను. తెలియక వెతికేవాడి బాణాలే అన్నీ. తెలిసి, నోరు మూసుకుని, బస్సు కోసం కూర్చున్నవాడికి గడి ఉందా? ఎవరైనా గీశారేమో చూడు. లేకపోతే ఫరవాలేదు.

నేను ఇంకా ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు వాస్తాయి, గుమ్మంలో చూడగానే మీ అమ్మకు తెలిసిపోతుంది. ఆపరేషన్ అయి ఆవిడ కళ్ళు తెరిచాక, నన్ను ఏదో మందు తెమ్మని కాస్త దూరం షాపుకు పంపు.